కుశలప్రశ్న

కుశలమను మాట యెట్లు పుట్టినదో మన పండితులు ముచ్చటగా జెప్పుదురు. కుశ యనగా దర్భ. దర్భపోచ యంచు కత్తివలె పదునైనది. ఎఱుగనివాడు పట్టి లాగినచో వ్రేలు తెగును. చేయి తెగకుండ దానిని గోసి తేగలవాడు కుశలుడు. తరువాత ఏ పనియందైనను నేర్పు గలవానికి ఆ పేరు చెల్లెను. అటుపిమ్మట నేర్పు మఱుగుపడి క్షేమమను నర్థము పైకివచ్చెను. ఆలంకారికులు రూఢి కుదాహరణముగా ఈ మాటనే తఱచు చూపుదురు. తరగతిలో నీ వ్యుత్పత్తిని జెప్పునపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. మనము చుట్టముల యిండ్లకు బోయి యడుగు కుశలప్రశ్నలలో ఆ మొదటి యర్థము, దర్భ యంచు నెఱిగిన యర్థము, ఏమైన మిగిలియున్నదా?

నేను తెనాలిలో బడిపంతులను. మా తల్లివైపు వారు రేపల్లెలోను, ఆ చుట్టుపట్ల పల్లెలలోను గలరు. మఱికొందఱు బాపట్లలో స్థిరపడిరి. తెనాలి రైలు కూడలి. చెన్నపట్టణము పోవు పెద్దదారిని బట్టినచో నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరవచ్చును. కొసదారి బండి యెక్కినచో వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగవచ్చును. రెండును ఒకపూట ప్రయాణములే. కావున చుట్టఱికము మాకు ఏటికొకసారి చేయు యాత్ర కాదు, వారమువారము జరుగు సంత. ఆదివారము వచ్చినదన్న నెవరో యొకరు మా గుమ్మములో చెప్పులు విడుచుచుందురు, లేదా మేమెవరి గుమ్మములోనో విడుచుచుందుము.

ఈ రాకపోకలలో ప్రశ్నలు వయస్సును బట్టి మాఱును. ఐదేండ్ల బిడ్డను "క్లాసులో ఎన్నో ర్యాంకురా?" అందురు. ఇరువది రెండేండ్లవానిని "ఉద్యోగం వచ్చిందా?" అని, వచ్చినదన్నచో "జీతమెంత?" అని, చెప్పినచో "కోతలు పోను చేతికెంత?" అని యడుగుదురు. ఆడపిల్ల చదువు ముగియకముందే "సంబంధాలు చూస్తున్నారా?" అనుట మొదలు. పెండ్లియైన యేడాదికి "ఏమన్నా విశేషమా?" బిడ్డ పుట్టినచో "రెండోవాడెప్పుడు?" ఆడుబిడ్డ పుట్టినచో ప్రశ్న యుండదు, ఒక నిట్టూర్పు మాత్రముండును. ఇల్లు కట్టినవానిని అప్పెంత చేసితివనియు, కట్టనివానిని ఎందుకు కట్టలేదనియు నడుగుదురు. భర్త పోయిన స్త్రీని మాత్ర మేమియు నడుగరు. ఆమె గదిలోనికి రాగానే మాటలాపుదురు. ఆ యూరకుండుటయు నొక ప్రశ్నయే.

"అయినవారు గనుక అడుగుదురు. అడుగకపోవుటకు పరాయివారమా?" అని పెద్దలు చెప్పు సమాధానమును నేను తేలికగా దీసివేయను. అందు సత్యము కలదు. దానికి దరువాత వచ్చెదను. కాని మొదట నొక భేదమును గుర్తింపవలెను. తెలిసికొనుటకై యడుగు ప్రశ్న వేఱు, ఎదుటివానిని ఏ యరలో బెట్టవలెనో తేల్చుకొనుటకై యడుగు ప్రశ్న వేఱు. బజారులో గుడ్డ కొలుచువానికి ఆ నూలెవరు వడికిరో, ఆ యంచెవరు నేసిరో యక్కఱలేదు. ఎన్ని గజములో తేలిన చాలును. మన ప్రశ్నలలో పెక్కులిట్టి కొలకోలలే. వీనిని గుర్తించుట సులభము. అడుగువానికి రాదగిన జవాబులన్నియు ముందే తెలిసియుండును. "నేనిప్పుడు పాత వీణలు బాగుచేయుట నేర్చుకొనుచున్నాను" అని ఇరువది రెండేండ్లవాడు చెప్పినాడనుకొనుడు. అడిగినవారు ఒక్క నిమిషము తబ్బిబ్బుపడి, "అది సరే, ఉద్యోగం మాటేమిటి?" అందురు. వీణలు పట్టు నర వారి బీరువాలో లేదు.

ఈ కొలకోల మనకు క్రొత్తది కాదు. మనుస్మృతి రెండవ యధ్యాయమున కుశలప్రశ్నకు గూడ నొక నియమము కలదు. ఎదురైనవాడు బ్రాహ్మణుడైనచో కుశలమనియు, క్షత్రియుడైనచో అనామయమనియు, వైశ్యుడైనచో క్షేమమనియు, శూద్రుడైనచో ఆరోగ్యమనియు వేఱువేఱు మాటలతో నడుగవలెనట. బాగున్నావా యని యడుగుటకు ముందే వాడెవడో తేల్చుకొనవలెనన్నమాట! ఆ శ్లోకమును నేడు చదువువారరుదు, పాటించువారనేకులు. రైలుబండిలో నెదుటి బల్లమీది పెద్దమనిషి ముందు "ఏ ఊరండీ?" అనును. పిదప "ఇంటిపేరేమండీ?" అనును. ఇంటిపేరు చెప్పగానే ఆయన ముఖమున నొక నిశ్చింత కానవచ్చును. అది మనలను దెలిసికొన్నందువలని నిశ్చింత కాదు, ఇక దెలిసికొన నక్కఱలేదను నిశ్చింత. ఆ పేరును బట్టి కులము తేలనిచో "అంటే మీరెవరండీ?" అని సగము నవ్వుతో మఱల నడుగును.

ఇవి చిన్న విషయములనియు, వీనిని బట్టుకొని వ్యాసములు వ్రాయనేలయనియు ననువా రుందురు. మా పిన్ని కూతురొకతె బాపట్లలో నుద్యోగము చేయుచున్నది. నాకు నాలుగేండ్లు చిన్నది. పెండ్లియై పదునాఱేండ్లైనది, సంతానము లేదు. పదునొకండేండ్ల క్రిందట నొక గృహప్రవేశమున పంక్తిలో కూర్చుండగా దూరపు బంధువురాలొకరు నలుగురెదుట "ఇంకా మందులు వాడుతున్నారా, మానేశారా?" అని యడిగిరి. మా చెల్లెలు శాంతముగా జవాబు చెప్పి, భోజనము ముగించి, తాంబూలము బుచ్చుకొని వెళ్ళిపోయినది. ఆ పిమ్మట నే పెండ్లికిని, నే బారసాలకును రాలేదు. మొదట కొన్నాళ్ళు "ఏమైంది పాపం" అనుకొనిరి. తరువాత "సంపాదిస్తున్నదిగా, మనమెందుకు కనపడతాం" అనుకొనిరి. ఒక ప్రశ్నతో నొక మనిషి కుటుంబమునుండి జాఱిపోయినది. ఎంత చదువుకొన్న కుటుంబములలో నిట్లు జాఱిపోయినవారి పేర్లు చదువరులే లెక్కించుకొనవచ్చును. వారిలో స్త్రీలే యెక్కువగ నుందురు.

మా యింటివారును నేనును బాపట్ల పోయినపుడెల్ల ఆమె యింట దిగుచుందుము. ఒకసారి బల్లమీద నోటుపుస్తకములు వరుసగా నుండుట చూచి నా భార్య "ఇవేమిటమ్మా?" అని యడిగినది. ఏడు పుస్తకములు. ఆ జవాబు రెండు గంటలు సాగినది. బాపట్లకు దగ్గఱనే సూర్యలంక సముద్రతీరము కలదు. సెలవుదినములలో జనులు తిరునాళ్ళవలె పోవు చోటు. మా చెల్లెలు మాత్రము చలికాలపు ఆదివారములలో తెల్లవాఱకముందే పోవును. జనవరి మొదలు మార్చి వఱకు మన తీరమునకు ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. తల్లితాబేలు రాత్రివేళ ఇసుకమీద బ్రాకివచ్చి, వెనుక కాళ్ళతో గుంట త్రవ్వి, ఇంచుమించు నూఱు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, వచ్చినదారినే పోవును. నెలన్నర మొదలు రెండు నెలలలో పిల్లలు బయటికివచ్చును. ఇసుక వేడి యెక్కువైనచో ఆడుపిల్లలు, తక్కువైనచో మగపిల్లలు పుట్టునట. ఆ యేడు పుస్తకములలోను తేదీలు, ఇసుకలో గనబడిన ప్రాకుడు గుర్తులు, అవి సముద్రమునుండి గుంటదాక పోయి తిరిగివచ్చినవా లేక గ్రుడ్లు పెట్టకయే మఱలినవా యను వివరములు గలవు. ఒడ్డుకు గొట్టుకొనివచ్చిన చచ్చిన తాబేళ్ళ లెక్కయు గలదు. తాబేలు నీటిలో నుండు జంతువైనను ఊపిరితిత్తులతో గాలి పీల్చును. మరపడవలు లాగు వలలలో జిక్కినపుడు పైకి రాలేక ఊపిరాడక చచ్చును. ఈ సంగతులన్నియు మాకు ఆ పూటనే తెలిసినవి. ఆమె నవ్వుచు నొకమాట యన్నది: "వదినా, ఏ ఆసుపత్రికి వెళ్ళావని నన్నడిగినవాళ్ళు ఎంతమందో లెక్కలేదు. ఆదివారంపూట తెల్లారకుండా ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగలేదు."

ప్లూటార్కు అను గ్రీకు నీతికారుడు ఇంచుమించు 1900 సంవత్సరముల క్రిందట నిట్టి యారాయుటను గూర్చియే యొక వ్యాసము వ్రాసెను. పరుల యిండ్లలోని కీడును దెలిసికొనవలెనను దురద యొక జబ్బనియు, దానిని నిర్మూలింపజాలకున్న మఱియొక వైపునకు ద్రిప్పవచ్చుననియు నాతని యభిప్రాయము. సూర్యచంద్రుల గతిని జూడుము, చెట్టుచేమలను జూడుము, కీడే కావలయునన్న చరిత్రగ్రంథములు చదువుము, అందు కావలసినంత కలదు అని హాస్యముగా జెప్పును. త్రోవప్రక్క సమాధులమీది వ్రాతలను చదువక దాటిపోవుట, తెఱచిన తలుపులలోనికి దొంగిచూడక నడచుట, వచ్చిన ఉత్తరమును వెంటనే చింపక కొంతసేపుంచుట యను చిన్న యభ్యాసములతో మనస్సును గుదుర్చుకొనుమనును. రోమునగరమున తాను ప్రసంగించుచుండగా చక్రవర్తి పంపిన ఉత్తరమును ప్రసంగము ముగియుదాక విప్పని యొక శ్రోతను మెచ్చుకొనును. నేటి మన సెల్లుఫోనులకు బాగుగ నన్వయించు పాఠము! ఆ తరువాత కొన్ని శతాబ్దములకు అగస్టీను అను క్రైస్తవాచార్యుడు మఱింత కఠినుడై, కుతూహలమునే నేత్రముల కామమని నిందించి, ఇంట కూర్చుండి బల్లి ఈగను బట్టుట చూచుచు ధ్యానమును మఱచుటను గూడ దోషములలో జేర్చుకొనెను. ఆయన యెడ నాకు గౌరవమే గాని బల్లి విషయమున నేకీభవింపజాలను.

ప్లూటార్కు మాటలో గూడ నాకు కొంత లోటు గనబడుచున్నది. మనుష్యులనుండి చూపు ద్రిప్పి నక్షత్రములమీద నిలిపినంత మాత్రమున మనుష్యులయెడ మన ప్రవర్తన బాగుపడదు. నక్షత్రముల నెఱిగి యింటివారి నెఱుగని పండితులు కలరు. మఱియు మనుష్యులను గూర్చి యడుగుటయే దోషమన్నచో మా పెద్దమ్మను నేనేమనవలెను?

మా పెద్దమ్మ రేపల్లెలో నున్నది, ఇప్పుడెనుబదికి చేరువ. ఆమె యడుగని ప్రశ్న లేదు. కోడలి పుట్టింటివారు పెట్టిన చీర వెల మొదలు, ప్రక్కవీథివాని తాకట్టు సంగతి వఱకు నామెకు గావలయును. చిన్నతనమున మేమామెను జూచి దాగుకొనుచుంటిమి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెన యీవలి యొడ్డున రేపల్లె తాలూకా తీరగ్రామములను గూడ విడువలేదు. ఆమె పుట్టిల్లు ఆ తీరగ్రామములలో నొకటి. అప్పటికి నేను పుట్టలేదు, మా అమ్మ చెప్పగా వింటిని. దారులు తెఱపియీయగానే పెద్దమ్మ పెదనాన్నగారిని వెంటబెట్టుకొని బురదలో నడచుచు ఆ యూరు చేరినదట. సహాయమునకు వచ్చినవారికి ఏ గుడిసె యెవరిదో, అందెందఱుండిరో తెలియదు. తెలిసినవారిలో పలువురు లేరు. పెద్దమ్మ ఒక్కొక్క పునాదిముందు నిలిచి లెక్క చెప్పినదట: ఈ యింట అయిదుగురు, పెద్దకూతురు పురిటికి వచ్చియున్నది గనుక ఆఱుగురు, పిల్లవాడు తెనాలిలో చదువుచున్నాడు గనుక వానికొఱకు వెదుక నక్కఱలేదు, ముసలాయన చూపులేనివాడు గనుక దూరము పోలేడు, గడ్డివామి ప్రక్కన జూడుడు. ఏండ్ల తరబడి అందఱిని విసిగించి కూర్చిన సమాచారమంతయు ఆనాడట్లు బయటికివచ్చెను. ఆమె లెక్కలో మిగిలిన పిల్లలిద్దఱు ఆమె యింటనే పెరిగిరి.

మా చెల్లెలు ఎవరింటికి బోకున్నను పెద్దమ్మ యింటికి బోవును. పెద్దమ్మ యామెను అందఱికంటె నెక్కువగ నడుగును. మందుల సంగతియు నడుగును. ఇది నాకు వింతగా దోచి కారణమడిగితిని. "ఆవిడ అడిగితే నాకు కష్టంగా ఉండదు. అడిగాక లేచిపోదు, కూర్చుంటుంది" అని మా చెల్లెలు చెప్పినది. చెల్లెలు శస్త్రచికిత్సకై గుంటూరులో నున్నపుడు నాలుగు రాత్రులు మంచము ప్రక్కన నేలమీద పండుకొన్నది పెద్దమ్మయే.

ఆంగ్లభాషలో కుతూహలమునకు వాడు క్యూరియాసిటీ యను పదము లాటినులోని 'కూరా' యను మాటనుండి పుట్టినది. కూరా యనగా శ్రద్ధ, ఒకరి బాగోగులు చూచుట. వైద్యమును దెలుపు క్యూరును దానినుండియే వచ్చినది. పూర్వము క్యూరియస్ అనగా జాగ్రత్తపరుడని యర్థము. అడుగుట కర్థము ఆరాయుటగా మాఱినది తరువాతనే. మన కుశలమునకు బట్టిన గతియే దానికిని బట్టినది. మా పెద్దమ్మకు లాటిను రాదు. అయినను ఆ పదములోని రెండర్థము లామెయందు విడిపోలేదు. గృహప్రవేశమున పంక్తిలో నడిగిన బంధువురాలికి జవాబుతో పని తీఱెను. పెద్దమ్మకు జవాబుతో పని మొదలగును. ఒకరి రోగమును గూర్చి యడిగినవారు ఆ రోగి కొంత ఋణపడినవారే యని నా నమ్మకము. ఆ ఋణమును దీర్చు నుద్దేశము లేనపుడు నోరు మూసికొనుట మర్యాద.

అట్లని నోరు మూసికొనుటయే నాగరకతయని యెంచువారితో గూడ నాకు బడదు. ఈ నడుమ పట్టణములలోని బహుళాంతస్తుల భవనములలో నెవ రెవరి నేమియు నడుగరు. దానికి స్వేచ్ఛయని పేరు. ప్రక్క వాకిట వార్తాపత్రికలు నాలుగు దినములు పేరుకొన్నను తలుపు దట్టువారుండరు. బంధువులును ఫోనులోని సమూహములో చేరి ప్రతిదినము పువ్వుల బొమ్మతో శుభోదయము పలుకుచు, ఒకరి దుఃఖము నొకరెఱుగక కాలము గడపుచున్నారు. ఇది ఆరాయుటకంటె మేలనుటకు నాకు మనస్సొప్పదు. ఆరాయువాడు కనీసము గుమ్మముదాక వచ్చును.

పిల్లలు అడుగుట నెవరియొద్ద నేర్తురు? మనయొద్దనే. పెద్దలు జీతములడుగుచుండగా విన్న పిల్లవాడు పెద్దయై జీతములే యడుగును. వాడు స్వయముగా నడుగు ప్రశ్నలు వేఱు. చీమ వరుస యెట్లు తప్పదు, కాలువ నీరు వేసవిలో నెక్కడికి బోవును, తాతయ్య చనిపోయి యెక్కడ నున్నాడు. వీనికి మనమిచ్చు బిరుదు అధికప్రసంగము. బృహదారణ్యకమున జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని వరుసగా నడుగుచు బ్రహ్మలోకము దాక పోగా, ఆయన, ఇక నతిగా నడుగకుము, తల రాలిపడునని హెచ్చరించెను. గార్గి యూరకుండెను. ఈ భాగమును మాత్రము జెప్పి యాడువారడుగరాదని తీర్పు చెప్పు పౌరాణికులను నేనెఱుగుదును. కాని కథ యక్కడ ముగియలేదు. కొంతసేపటికి గార్గి మఱల లేచి, సభవారి యనుమతి గొని, వింటికి సంధించిన రెండు బాణములవంటి రెండు ప్రశ్నలతో నిలిచెను. ఈసారి యాజ్ఞవల్క్యుడు బెదిరింపలేదు, జవాబు చెప్పెను. అది విని యిక నీయన నెవరును గెలువలేరని సభకు దీర్పు జెప్పినదియు నామెయే. ఆ రెండవ భాగమును మన యాడుపిల్లలకు జెప్పినవా రెందఱు?

చేతిలో నొక వ్యాపకమున్న పిల్లలకు ఈ యడుగుట దానంతట నదియే పట్టుబడుచున్నట్లు నా యనుభవము. తాబేలు మన తొందరకు రాదు. నక్షత్రము మన తీఱికకు బొడువదు. వానియెదుట మూరకోల పనిచేయదు, కాచుకొని యుండవలెను, చూచినదానిని చూచినట్లు వ్రాసికొనవలెను. ఇట్టి యలవాటు కుటుంబములలో ఆస్తివలె దిగివచ్చుట గూడ కలదు. విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావుగారు 1840లో తమ యింట సొంత వ్యయముతో వేధశాల నెలకొల్పిరి. వారి యనంతరము అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను దుర్భిణితో జూచి లెక్కలు వ్రాసిరి. మామగారినుండి అల్లునికి దుర్భిణి! మన ప్రాంతపు అల్లుండ్రు మామలనుండి యేమేమి పుచ్చుకొందురో చదువరులకు దెలియును. ఆ పట్టికలో నీ వస్తువును నేనింతవఱకు జూడలేదు. మన యిండ్లలో వ్యాపకమున్న పిల్లవానిని జూచి తల్లిదండ్రులు భయపడుదురు. ఆడుపిల్లయైనచో అత్తవారేమనుకొందురోయని ముందుగనే మాన్పింతురు.

నాకును చిన్న వ్యాపకమొకటి కలదు. ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు కూర్చుట. భట్టిప్రోలు, నిడుబ్రోలు, చేబ్రోలు అని మా చుట్టునున్న పేర్లలోని ప్రోలు పురమను నర్థముగల పాత తెలుగు మాట. ఆ మాట నేటి వాడుకలో చచ్చిపోయినది గాని రైలు స్టేషను బోర్డులమీద బ్రదికియున్నది. భట్టిప్రోలులోనే యొక బౌద్ధస్తూపపు దిబ్బ కలదు. చుట్టుపట్ల జనులు దానికి బెట్టిన పేరు నిచట వ్రాయను, అది యొక స్త్రీని నిందించు మాట. లోపల నేమున్నదో యడుగుటకు మాఱు ఎవతెనో నిందించుట! దాని యిటుకలు, చలువరాతి పలకలు పోయిన శతాబ్దమునకు ముందే కాలువ కట్టడములకును బాటలకును దరలిపోయినవి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండరు రీ యను పురావస్తుశాఖవారు త్రవ్వించగా రాతిబరిణెలును, వానిలో ధాతువులును దొరకినవి. బరిణెలమీద బ్రాహ్మీలిపిలో వ్రాతలు. బ్యూలరు అను జర్మను పండితుడు వానిని జదివి, కుబేరకుడను రాజు పేరును వెలికిదెచ్చెను. క్రీస్తునకు ముందు మూడవ రెండవ శతాబ్దులనాటివని పండితుల యూహ. అశోకుని వ్రాతలలో 'క' యని హల్లు గీసినంతనే అందు అకారము కలిసియుండును. భట్టిప్రోలు వ్రాతగాడు ఆ అకారమునకు గూడ వేఱుగ నొక గీత పెట్టెను. అతడెందులకట్లు యోచించెనో, ఎవరి యుచ్చారణము విని ఆ గీత యవసరమని తలచెనో! ఇరువది రెండు శతాబ్దుల క్రిందట మా రైలుదారిలో నుండి, వినికిడిని జాగ్రత్తగా బట్టుకొనిన మనిషి యొకడు. వాని యింటిపేరు మనకక్కఱలేదు.

మొన్న సంక్రాంతి సెలవులలో ఆ దిబ్బను జూపుటకై మా అమ్మాయిని దీసికొని రేపల్లె బండి యెక్కితిని. దానికి పండ్రెండేండ్లు. జంపని దాటగానే ఎదుటి బల్లమీది పెద్దాయన "ఏ ఊరమ్మా?" అనెను. చెప్పినది. "ఇంటిపేరు?" అనెను. అదియు జెప్పి, నా వ్యాపకము దానికి కొంత యంటియున్నందున, "మరి మీ ఇంటిపేరేంటి తాతగారూ?" అని తిరిగి యడిగినది. ఆయన చెప్పెను. "అది ఊరి పేరు కదండీ? ఆ ఊరెక్కడుంది?" అన్నది. ఆయన కొంచెమాగి, పలనాటిలో నున్నదని చెప్పెను. అక్కడినుండి కథ సాగినది. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై కాలువలలో నీరు వచ్చినపుడు మెట్టపొలము విడిచి వచ్చినవారిలో తన ముత్తాతకు తాత యొకడట. రెండెడ్లు, ఒక బండి, గంపక్రింద రెండు కోళ్ళు. ఒక కోడి దారిలో బోయినదట. ఆ సంగతి యింటిలో నిన్ని తరములు ఎవరు మోసికొనివచ్చిరో! "మీరెప్పుడైనా ఆ ఊరు వెళ్ళారా?" అని మా అమ్మాయి యడిగినది. "లేదమ్మా" అని ఆయన కిటికీవైపు జూచి, "మా ఊరి బావి నీళ్ళు తియ్యగా ఉంటాయని మా నాయనమ్మ అంటుండేది. ఆమె కూడా చూడలేదు" అనెను.

వేమూరు పోయినది, పెనుమఱ్ఱు పోయినది. భట్టిప్రోలులో మేము దిగి నిలువబడినను ఆయన కిటికీలోనుండి పలనాటికి బస్సులెక్కడ మాఱవలెనో నన్నడుగుచునే యుండెను. నరసరావుపేటలో నని కేకవేసి చెప్పితిని. బండి కదలినది. మా కులమేదో ఆయన యడుగుట మఱచిపోయెను.